కిటికీ వైపు మంచం

కాలిన గాయాల వార్డులో మా తమ్ముణ్ణి చూసిన డాక్టరమ్మ పోయారని మొన్న పొద్దున అక్కడి నర్సు ఫోన్ చేసింది. ఎస్టీడీ బూత్‌లో నిలబడి విన్నాను. బూత్ ఆయన ‘ఎవరు, చుట్టాలా?’ అన్నాడు. రిసీవర్ పెట్టేసి బయటికి నడిచాను.

తమ్ముడు బాలానగర్‌లో ఇత్తడి పోత పోసేవాడు. రెండేళ్ల కిందట ఇత్తడి కరిగించే మూస పగిలి ఒళ్లు సగం కాలింది. ఆమె రోజూ పొద్దున్నే కట్లు విప్పించి, మంచాన్ని కిటికీ వైపు తిప్పించేవారు. ట్యూబ్‌లైటును నమ్మేవారు కాదు. ‘పుండు రంగు సూర్యుడే చెప్పాలండీ’ అనేవారు. కిటికీ తలుపు మాత్రం తెరవనిచ్చేవారు కాదు. మాదాపూర్ దిక్కు బండలు పేల్చి మేడలు లేపుతున్న రోజులు. ఆ దుమ్మంటే ఆమెకు అనుమానం. మేకలు కూడా మొహం తిప్పుకునే ఆ బండల మీద కంప్యూటర్లు మొలుస్తాయంటే నేనైతే నవ్వేవాణ్ణి. సరే, అది వేరే కథ.

మానుతోందనుకున్న చేతి పుండు మీద ఒక పొద్దున నల్లటి మచ్చ. ఎండిన పెచ్చే అనుకున్నాం. ఆమె వంగి చూసి చాలాసేపు తల ఎత్తలేదు. ‘నిన్న ఇది లేదు’ అన్నారు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. దుమ్ములో వచ్చి పుండు మీద పడే బూజు అని తేలింది.

నేను అక్షరాలు దుకాణాల బోర్డుల మీద నేర్చినవాణ్ణి. అయినా సలహా ఇచ్చాను.

‘మా ఇంట్ల తొక్కుకు బూజు పడితే పైపైన తీసేస్తం మేడం. గట్లనే తీసేయండి.’

ఆమె నవ్వలేదు. ‘పచ్చడికి రక్తనాళాలు ఉండవండీ. ఇది వాటిలోకి దిగుతుంది. చెయ్యి తీసేయాలి.’

తమ్ముడు విన్నాడు. ‘చెయ్యి లేకుంటే మూస ఎవడు పడ్తడు మేడం? మా అన్ననా? ఆయనకు నోరొక్కటే పనిచేస్తది.’

‘ఆ నోరు వినడానికైనా నువ్వుండాలి కదయ్యా’ అన్నారామె.

చెయ్యి తీశారు. బూజు మందు సెలైన్‌లో ఎక్కుతుంటే వాడు మంచం అదిరేలా వణికేవాడు. ఆమె నిలబడి రెండో చెయ్యి పట్టుకునేవారు. మందు నడిపితే మూత్రపిండాలు చెడతాయని భయం, ఆపితే బూజు గెలుస్తుందని భయం. ఓ పొద్దున భుజం మీద మళ్లీ మచ్చ. ఈసారి మాకూ పోల్చుకోవడం వచ్చింది.

వాడు పోయాక ఆమె వార్డు మెట్ల మీద కూర్చున్నారు. ‘గుర్తుపట్టడం వచ్చిందండీ. ఆపడం రాలేదు’ అన్నారు. నాకు పనిచేసేది నోరొక్కటే. ఆ పూట అదీ పనిచేయలేదు.

మొన్న కూకట్‌పల్లిలో ఆమె ఇంటికి వెళ్లాను. తలాపున దీపం, పైన ట్యూబ్‌లైటు, కిటికీకి తెర. ఆ వెలుగులో ఆమె ముఖం రంగు తెలియలేదు. ఎవరినీ అడక్కుండా వెళ్లి తెర పక్కకు లాగాను. తలుపు తెరవలేదు. అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. దాంట్లోంచే కాస్త ఎండ వచ్చి ఆమె చేతుల మీద పడింది.