ఖాళీగా ఉంచిన యాభైతొమ్మిది

హజరత్ వలి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్ళుంటే ఇన్నేళ్ళు ఊరుకునేవాణ్ణి కాదని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గాని, అది అబద్ధం. ఊరుకోవడంలో నాకున్న అనుభవం చిత్తూరు జిల్లాలో ఇంకెవరికీ ఉండదు.

నా పేరు గోవిందస్వామి. రోడ్ల ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. హజరత్ వలి రోడ్ల పక్కన కిలోమీటరు రాళ్ళకు రంగు వేసి అంకెలు రాసేవాడు. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినప్పుడు జిల్లాలో రాళ్ళన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ పనితోనే ఆయన మా ఆఫీసుకు అలవాటయ్యాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఆకుపచ్చ రంగు అంటుకుని ఉండేది. రాష్ట్ర రహదారి రాళ్ళకు తలమీద వేసే రంగు అది.

వాళ్ళ నాయన సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడట. ఆ పనితనం కొడుక్కి వచ్చింది. మిగతా పెయింటర్లు బ్రష్షు ముంచి అంకె గీసి పోతారు, నాలుగు వానలు పడితే అది కారిపోతుంది. ఈయన ముందు సన్న ఉలితో బియ్యపుగింజ లోతున అంకె చెక్కి, ఆ తర్వాతే రంగు నింపేవాడు. చెక్కినందుకు పైసా ఎక్కువ రాదు. ఎందుకయ్యా ఈ వెర్రి అని అడిగితే, రంగు పోయినా అంకె ఉంటుంది, దారిన పోయేవాడు మోసపోడు అనేవాడు. మా ఆఫీసులో అందరం దానికి నవ్వుకునేవాళ్ళం. పని బాగా చేసేవాణ్ణి చూసి నవ్వడం మా ఆఫీసులో పనికింద లెక్క.

డెబ్బైతొమ్మిదిలో రాష్ట్ర రహదారులకు కొత్త పట్టిక తయారుచేస్తున్నామని హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. జిల్లా నుంచి కొన్ని రోడ్లు రాసి పంపాం. వాటిలో ఒకటి కార్వేటినగరం దాటాక చీలి, మిట్టకండ్రిగ మీదుగా పోయే మట్టిరోడ్డు. ముసాయిదా పట్టికలో దానికొచ్చిన నంబరు యాభైతొమ్మిది అనుకోండి. అసలు నంబరు వేరే. అది రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఇంకా బతికున్నారు.

ముసాయిదా అంటే ఖరారు కాదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. కాని రాళ్ళకని వచ్చిన గ్రాంటు మార్చి ఆఖరుకి వాడకపోతే వెనక్కి పోతుంది. అందుకని మా ఇంజనీరు ఖరారు కోసం ఆగకుండా రాళ్ళు పాతించి నంబర్లు వేయించమన్నాడు. ఏటా మార్చి నెలలో మా ఆఫీసు నడిచే తీరే అంత. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తారు లేదు, వంక మీద వంతెన లేదు, రెండు బండ్లు ఎదురుపడితే తప్పుకునే చోటు లేదు, నంబరు మాత్రం వచ్చింది. పంతొమ్మిది రాళ్ళు. పని హజరత్ వలికి ఇచ్చాం.

ఆ దారి ఆయనకు అత్తగారి ఊరి దారి. భార్య జైతున్‌బీ పుట్టింది మిట్టకండ్రిగలో. పుట్టిన వారానికే తల్లి పోతే, పక్కింట్లో ఉండే కుప్పమ్మ అనే రైతు ఇల్లాలు తన చంటిబిడ్డతో పాటు ఈ బిడ్డకూ పాలిచ్చి బతికించింది. తన బిడ్డ దక్కలేదు. కొన్నాళ్ళకు మొగుడూ పోయాడు. జైతున్‌బీకి తల్లి అంటే కుప్పమ్మే, హజరత్ వలికి అత్త అంటే కుప్పమ్మే. మతం మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

కుప్పమ్మకు రోడ్డు పక్కన ఎకరన్నర నేల, అందులో రోడ్డు వైపు రాతికట్టు బావి ఉండేవి. ఒంటిమనిషి, జత ఎద్దులతో కపిల తోలి బావినీళ్ళు తోడుకుని కనకాంబరాలు, వంగ, మిరప పండించేది. ఎండాకాలంలో చుట్టుపక్కల బావులు అడుగంటినా ఆ బావిలో రెండు నిలువుల నీళ్ళు ఉండేవట. లేనిదల్లా బస్సు. పూలగంప నెత్తిన పెట్టుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే గాని ఆమెకు పుత్తూరు బస్సు దొరికేది కాదు. వాడిన పూలకు ధర ఎవడిస్తాడు?

ఆకుపచ్చ తల రాయి ఊరి ముందర పాతిన రోజు మిట్టకండ్రిగ మొత్తం దాని చుట్టూ చేరింది. ఆడవాళ్ళు రాయికి పసుపు పూసి కుంకుమ పెట్టారు. ఎవరో టెంకాయ కొట్టారు. హజరత్ వలి చెక్కుతుంటే పిల్లలు అంకెలు పైకి చదివారు. సర్పంచి పరంధామయ్య ఆ రోజే రచ్చ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పక్క ఊరు మండ్యంలో ఇద్దరు రైతులు భూమి ఇచ్చేది లేదని కోర్టుకు పోతే తొమ్మిదేళ్ళు రోడ్డు ఆగిపోయింది. మనం అడగకముందే ఇచ్చేద్దాం. రోడ్డు నడుమ నుంచి ఇటు నలభై అడుగులు, అటు నలభై అడుగులు మనమే ఖాళీ చేసి పెడితే పని మన ఊరితోనే మొదలవుతుంది అన్నాడు. పరిహారం మాట ఒకరిద్దరు ఎత్తారు గాని, రోడ్డు కంటే పరిహారం ఎక్కువా అని మిగతావాళ్ళు నోరు మూయించారు. ప్రభుత్వాన్ని సిగ్గుపరచాలనుకున్న ఊరిని నేను అదొక్కటే చూశాను.

చింతచెట్లు కొట్టారు. కంచెలు పీకారు. ఒకాయన పశువుల కొట్టం విప్పుకున్నాడు. కుప్పమ్మ బావి ఒక్కటి మిగిలింది. అది రోడ్డు నడుమ నుంచి ముప్పైరెండు అడుగుల్లో ఉంది. బావి పూడిస్తే నా నేల ఎట్లా తడుస్తుంది అని ఆమె అడిగింది. బస్సు వస్తే బతుకే మారిపోతుందన్నారు. ఊరంతా ఒక దారి, నీదొక దారా అన్నారు. రెండు నెలలు ఆమె మాటలు పడింది. చివరికి, నా అల్లుడు చెప్పనీ, వాడు చెప్పితే పూడుస్తాను అంది.

హజరత్ వలికి ఈ కబురు జూన్‌లో అందింది. తనకు తెలియని మాట చెప్పే మనిషి కాదు. నేరుగా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందర నిలబడ్డాడు.

“సార్, మా అత్త బావి పూడ్సమంటా ఉండారు. ఆ రోడ్డు నిజంగా వస్తాదా, రాదా? మీరు చెప్పినాకనే నేను పోయి చెప్తాను.”

అంతకు నాలుగు రోజుల ముందు హైదరాబాదు నుంచి ఖరారు పట్టిక వచ్చింది. జిల్లా ప్రతులు టైపు చేసింది నేనే. యాభైఎనిమిది తర్వాత యాభైతొమ్మిది అంకె ఉంది. దానికి ఎదురుగా రోడ్డు పేరుండాల్సిన చోట ‘ఖాళీగా ఉంచడమైనది’ అని ఉంది. మిట్టకండ్రిగ రోడ్డు రెండో కొస ఏ పెద్దరోడ్డుకూ కలవడం లేదని ఎవరో పెన్సిలుతో రాశారట, దాంతో తీసేశారు. ఇంకో మూడు కిలోమీటర్లు వేస్తే కలిసేది. సరే, తీసేశారు. కింది నంబర్లు ఒక్కొక్కటి పైకి జరపొచ్చు గదా అంటే, జరిపితే మిగతా రోడ్ల రాళ్ళన్నీ మళ్ళీ రాయాలి, పటాలు మళ్ళీ గీయాలి. ఎవడు పడతాడు ఆ చాకిరీ? అందుకని ఒక ఊరిని తీసేసి, దాని అంకెను మాత్రం అట్లాగే పడివుండనిచ్చారు.

ఈ సంగతి ఇప్పుడే బయట పెట్టవద్దని ఇంజనీరు మాతో చెప్పాడు. లేని రోడ్డుకు రాళ్ళు ఎందుకు పాతారని ఆడిట్‌లో అడుగుతారని ఆయన భయం. నా భయం ఆయన. నాకు అప్పుడు ప్రమోషన్ కాగితం ఆయన సంతకం కోసం ఆగి ఉంది. ఇదంతా చెప్పడం సాకు కోసం కాదు. భయపడేవాడికి సాకు ఎప్పుడూ దొరుకుతుంది.

హజరత్ వలి మొహం చూడకుండా మిషన్‌లో కాగితం సర్దుకుంటూ, “రాయి పాతినాక రోడ్డు యాడికి పోతాదప్పా” అన్నాను.

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మిట్టకండ్రిగకు పోయి కుప్పమ్మకు చెప్పాడు. మా ఆఫీసులో ఎవరు చెప్పారన్నది చెప్పలేదు. తన మాటగానే చెప్పాడు.

రెండు రోజుల్లో బావి పూడ్చారు. ముందు కట్టురాళ్ళు ఊడబెరికి, మోరీలకు పనికొస్తాయని రోడ్డు పక్కన పేర్చారు. తర్వాత ఊరందరూ తట్టలతో మట్టి పోశారు. మొదటి తట్ట కుప్పమ్మ చేతే పోయించారట, శుభమని.

అక్టోబరులో ఆర్డరు తయారైంది. యాభైతొమ్మిదో నంబరు రాళ్ళ మీద అంకెలు చెరిపి, తలకు తెల్లరంగు వేయాలి. అదీ హజరత్ వలికే. ఆ కాగితం నేనే అందించాను. పైన ఖరారు పట్టిక మా ఆఫీసుకు అందిన తేదీ ఉంది, జూన్ పదకొండు. ఆయన తేదీ చూశాడు. నా వైపు చూశాడు. తను నా దగ్గరికి వచ్చింది పదిహేనున అని ఆయనకు గుర్తుండదని నేను అనుకోవడం నా తెలివితక్కువ. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఎప్పుడు పోదాం సార్ అని అడిగాడు. నన్నేమన్నా అంటాడేమోనని నెలరోజులు కాచుకున్నాను. ఏమీ అనలేదు.

పని అయిందని రాసుకు రావడానికి నన్ను పంపారు. తెల్లసున్నం కొడితే మామూలు పెయింటర్ అంకె అయితే పోయేది. ఈయనది చెక్కిన అంకె. రెండుసార్లు సున్నం కొట్టినా ఐదూ తొమ్మిదీ నీడలాగా కనబడుతూనే ఉన్నాయి. చివరికి సిమెంటు కలిపి చెక్కిన గాట్లలో నింపి, బొటనవేలితో రుద్ది సాపు చేశాడు. ఊరి ముందరి రాయి దగ్గరికి వచ్చేసరికి జనం దూరంగా నిలబడ్డారు. పరంధామయ్య రాలేదు. కుప్పమ్మ వచ్చి, పూడ్చిన బావి మట్టి మీద కూర్చుంది. వెనకాల కనకాంబరాల మొక్కలు పుల్లలైపోయి ఉన్నాయి.

ఆమె ఆయన్ను పలకరించలేదు. నన్ను అడిగింది.

“ఏం సారూ, అంకె సెరిపేదానికి ఆర్డరు ఇచ్చినారు గదా. బాయి తోడేదానికి ఆర్డరు ఉండాదా?”

లేదన్నాను. హజరత్ వలి తలెత్తలేదు. పని పూర్తయినట్టు నేను పుస్తకంలో రాసుకున్నాను.

ఆ తర్వాత ఆయన రెండు నెలలు రంగుపని మానేసి ఆ బావి తవ్వాడు. జైతున్‌బీ మట్టి మోసింది. ఊరివాళ్ళెవరూ సాయానికి రాలేదు. తమ చింతచెట్లు ఎవరు తెచ్చిస్తారని వాళ్ళ కోపం, ఆ కోపానికి దగ్గర్లో దొరికినవాడు ఈయన. కట్టురాళ్ళు ఇంకా పేర్చని బావి పద్దెనిమిది అడుగులకు గట్లు విరిగి మళ్ళీ కూలిపోయింది. ఒకరోజు నేను పోయి, నిజం ఆమెకు నేనే చెప్తాను అన్నాను. చెప్పడానికి నాకు ధైర్యం ఉందో లేదో నాకు తెలియదు. ఆయన మాత్రం గడ్డపార ఆపలేదు.

“ఆయమ్మ నమ్మింది మిమ్మల్ని కాదు సార్, నన్ను. మీరు సెప్పి ఏం చేస్తారు?”

వద్దన్నాడు కాబట్టి నేను చెప్పలేదు. అడ్డం చెప్పేవాడు దొరికితే పిరికివాడికి ఎంత హాయి.

ఎనభైఒకటిలో కుప్పమ్మ ఎద్దుల్ని అమ్మింది. మరుసటేడు నేల అమ్మింది. కొన్నది పరంధామయ్య తమ్ముడు. అతను బోరు వేసుకుని చెరకు పెట్టాడు. ఆమె తిరుపతి రోడ్డు వెడల్పు చేసే చోట కంకర కొట్టే కూలికి చేరింది. అరవై ఏళ్ళ మనిషి, ఎండలో సుత్తి పట్టుకుని. ఆ రోడ్డుకు నంబరు ఉంది, బస్సులు ఉన్నాయి, కొండకు పోయే జనం కిటికీల్లోంచి గోవిందా అంటూ పోయేవాళ్ళు.

ఎనభైనాలుగులో ఆమె అక్కడే సొమ్మసిల్లి పడితే, జైతున్‌బీ పోయి చిత్తూరులో తమ ఇంటికి తెచ్చుకుంది. కుప్పమ్మ కూతురి ఇంట్లో కూతురి చేతి సంగటి తినేది, కూతురి చేతి నీళ్ళు తాగేది. హజరత్ వలి చేతి నుంచి మాత్రం ఏమీ తీసుకునేది కాదు. తిట్టేది కాదు, ఎత్తిపొడిచేది కాదు. ఆయన గ్లాసు అందిస్తే పక్కన పెట్టమనేది, జైతున్‌బీ వచ్చేదాకా దాహంతో ఉండేది. ఏడాదిపాటు ఆ మనిషి రోజూ గ్లాసు అందించాడు. రోజూ ఆమె పక్కన పెట్టమంది.

ఆమె చివరి రోజుల్లో చూడటానికి పోయాను. జైతున్‌బీ మందుల అంగడికి పోయింది. కుప్పమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. హజరత్ వలి గ్లాసుతో వంగితే మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను నిలబడి ఉండటం చూసి, ఆ సారు పోస్తాడులే, ఆయనకియ్యి అంది. కాగితం మోసేవాడు, ఆయన ఏం జేస్తాడు పాపం అని కూడా అంది.

హజరత్ వలి గ్లాసు నాకు అందించాడు. నేను ఆమె తల కింద చెయ్యి పెట్టి నోట్లో పోశాను. మూడు గుక్కలు తాగి, “సల్లగా ఉండు నాయనా” అని నన్ను దీవించింది.

హజరత్ వలి పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.