మేఘన తల్లిని తిట్టినందుకు

మొన్న ఆదివారం మా ఇంటికి పెళ్లి మాటలకు మనుషులు వచ్చిండ్రు. పిలిచింది నేనేనట! నాకే తెల్వదు. నవ్వకుండ్రి, ముందు ఆ చాయ తాగుండ్రి, చల్లారిపోతది. మొదటికెల్లి చెప్త.

నాకు చదువు ఎప్పుడొచ్చిందో మీకెరికే. అరవై దాటినంక, సాయంత్రం పూట ఆడోళ్లకు బడి పెడితే పలక పట్టుకొని పోయిన. ఇప్పటికీ వరుస కింద వేలు పెట్టనిదే చదువరాదు నాకు. వేలు జరిగితే కన్ను జరుగుతది, కన్ను జరిగితే నోరు కదులుతది. పుస్తకం మంచిది, ఎంత నొక్కినా ఉన్నకాడనే ఉంటది. ఫోను గట్ల కాదు.

నా బిడ్డ రమ దవాఖానాలో నర్సు. కొత్త ఫోను కొనుక్కొని పాతది నాకిచ్చింది. అందులో కథలు వచ్చే యాప్ ఒకటి ఉన్నది. "రోజుకో భాగం వస్తదమ్మా, నీకు పొద్దుపోతది, చదువుకో" అన్నది. నవల పేరు ఇంగ్లీషులో ఉంటది, నాకు నోరు తిరగదు. మేఘన అని ఒక పిల్ల. ఆమెకు విడాకులైనయి. తర్వాత కార్తీక్ అని ఒక మంచి పిలగాడు కలుస్తడు. ఇద్దరికీ ప్రేమ. మేఘన తల్లి వద్దంటది. గదే కథ.

మొదటిరోజు అలవాటు ప్రకారం వరుస కింద వేలు పెట్టిన. పెట్టి జరపంగనే కథ మొత్తం జర్రున పైకి ఉరికింది! పట్టుకుందామని మళ్లా వేలు పెడితే ఇంకా ఉరికింది. ఆఖరికి ఒక కాడ ఆగింది. సరే, ఆగినకాడి నుంచే చదువుదామని మొదలువెట్టిన. ఒకామె అంటది, "మేఘన తొందరపడుతున్నది, ఇంకొంచెం సర్దుకుపోవాల్సింది." ఇంకొకామె, "నీకేం తెలుసు ఆమె బాధ?" ఒకాయన, "ఈ కాలం ఆడవాళ్లకు ఓపిక లేదు." ఇంకొకాయన, "మొదటి మొగుని తప్పెంత, పిల్ల తప్పెంత, ముందు అది తేల్చాలె."

నాకు కొంచెం కూడ అనుమానం రాలే. పంచాయితీ కూసున్నది అనుకున్న! ఎందుకంటే రమ విడాకులప్పుడు మా వాకిట్ల కుర్చీలేసుకొని కూసున్న పెద్దమనుషులు అచ్చంగ ఇవే మాటలు మాట్లాడిండ్రు. అక్షరం తేడా లేదు. వారం దినాలు ఆ పంచాయితీనే కథ అనుకొని చదివిన. భలే రంజుగ ఉన్నది. ఒకరోజు రమ చూసి పకపక నవ్వింది. "అమ్మా, అవి చదివినోళ్లు రాసిన అభిప్రాయాలే! అసలు కథ పైన ఉన్నది. వేలు పెట్టకు, చీపురుపుల్ల పెట్టి చదువు, పుల్లకైతే ఫోను కదలదు."

పుల్ల పెట్టి అసలు కథ చదివిన. నిజం చెప్పాల్నంటే పంచాయితీయే బాగున్నది! కథల మేఘన పొద్దున లేస్తే కాఫీ కప్పు పట్టుకొని కిటికీ కాడ నిలబడుతది. వాన చూస్తది. కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటది. మళ్లా కాఫీ. ఆ కప్పులు ఎవరు కడుగుతరో ఇరవై భాగాలైనా రాయలే. మా రమ విడాకులై వచ్చిన మర్నాడు పొద్దున్నే బిడ్డకు జడేసి, బువ్వ వండి, షేర్ ఆటో ఎక్కి డ్యూటీకి పోయింది. వాన చూసే తీరిక దానికెక్కడిది!

అయినా కథ కథే. చదువుతుంటే నాకూ ఏడుపొచ్చేది. గోడ అవతల సుగుణమ్మకు కూడా అదే యాప్ ఉన్నది. మధ్యాహ్నం ఇద్దరం గోడకు చెరోపక్క నిలబడి కండ్లు తుడుచుకునేటోళ్లం. "అక్కా, మేఘన బతుకు చూస్తే నా కడుపు తరుక్కుపోతున్నది" అనేది సుగుణమ్మ. పోయిన ఎండాకాలం ఆమె మనుమరాలి ఫంక్షన్‌ల రమ పసుపు పెట్టబోతే, "నువ్వు అక్షింతలు వెయ్యి చాలు బిడ్డా" అని గిన్నె పక్కకు జరిపింది కూడా ఈ సుగుణమ్మే. ఆ గిన్నె సంగతి అప్పుడు ఇద్దరికీ యాదికి రాలే. ఆమెకు మేఘన మీద ధ్యాస, నాకూ మేఘన మీదనే.

ఇప్పుడు రాజేందర్ సంగతి చెప్పాలె. సారపాక కాగితం మిల్లుల షిఫ్టు డ్యూటీ చేస్తడు. ఆయనకూ విడాకులే. వాళ్లమ్మ లచ్చమ్మ మా ఊర్ల ఉన్న బిడ్డ ఇంటికి వచ్చి, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నది. రమ రోజూ పోయి చూసుకున్నది. కాలు అతికేలోపల రాజేందర్‌కూ రమకూ మాట కుదిరింది. రమ దాచలే, నాకు చెప్పింది. "అమ్మా, మనిషి మంచోడు. నా బిడ్డకు కూడా ఇష్టమే. నువ్వు అవ్ అంటే వాళ్లమ్మతోటి వస్తడు. నువ్వు కాదంటే లేదు."

నేనేమన్న? "ఎదిగే ఆడపిల్ల తల్లివి. వాడకట్టు ఏమంటది? సుగుణమ్మ ఏమంటది? రెండేండ్లు ఆగు" అన్న. రమ చున్నీకి పిన్ను పెట్టుకొని డ్యూటీకి పోయింది. రెండేండ్లు ఆగితే ఏమైతదో నాకూ తెల్వదు. సుగుణమ్మ ఇల్లు అమ్ముకొని పోతదా?

అది అయినంక వారానికి కథల మేఘన తల్లి రెచ్చిపోయింది. కార్తీక్ ఫోన్ చేస్తే, "మా పరువేం కాను? చుట్టుపక్కలోళ్లకు మొహం ఎట్ల చూపించాలె?" అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తల్లి ఇది! కింద చూస్తే ఒక ఖాళీ డబ్బా, దాంట్ల "మీ అభిప్రాయం రాయండి" అని ఉన్నది. అగో! పుట్టినకాడినుంచి నన్ను ఈ మాట ఎవరన్న అడిగిండ్రా? రమ పంచాయితీ నాడు కూడా నేను తలుపు వెనుకనే నిలబడితిని. కూసున్న రాయడానికి.

రాసుడు పుల్లతోటి కాదు గదా, వేలితోటే. ఒక్కో అక్షరం ఏరుకొని ఏరుకొని రాసిన. మధ్యాహ్నం మొదలువెడితే పొద్దుగూకింది. వాకిట్ల ఎండబోసిన పల్లికాయ మొత్తం కోతులు తిని పోయినయి, నాకు సోయి లేదు. కార్తీక్ పేరు మాత్రం రాయలే. ఇంటికి అల్లుడయ్యేటోణ్ణి పేరు పెట్టి పిలుస్తమా ఎక్కడన్న? మర్యాదగ "బాబూ" అని మొదలువెట్టిన.

"బాబూ, ఆ పిల్ల తల్లి మాట పట్టించుకోకు. ఆమెకు బిడ్డ మొహం కంటే పక్కింటోళ్ల మొహమే ఎక్కువ కనబడుతున్నది. పిల్ల ఏం తప్పు చేసింది? విలువ లేని కాడి నుంచి బయటకొచ్చింది, అంతే గదా. నువ్వు ఈ ఫోన్లు బంద్ చెయ్యి. ఆదివారం మీ అమ్మను తోలుకొని, అరటిపండ్లు పట్టుకొని, సీదా ఇంటికొచ్చి కూసో. అవ్ అనేదాకా లెవ్వకు. ఎవరు లేపుతరో చూద్దాం."

ఇంకా శానా రాసిన గానీ సారం ఇదే. పంపిన. మేఘన కథ రాసే మేడమ్ ఒక్కతే చదువుకుంటది అనుకున్న, ఉత్తరం లెక్క.

తెల్లారి చూస్తే దానికింద తీర్థం జరుగుతున్నది! "సూపర్ చెప్పారు." "ఆ తల్లిని బాగా కడిగేశారు." "అట్లాంటి తల్లులు ఉండబట్టే ఆడపిల్లల బతుకులు ఇట్ల ఉన్నాయి." ఒకామె, "ఆ తల్లిని కథలోంచే తీసెయ్యండి మేడమ్" అన్నది. నాకు ఎంత సంబురమైందో! ఆ మాటకు నేనే ఒక గుండె బొమ్మ నొక్కిన.

నాకు తెల్వంది ఏందంటే, ఆ ఫోను రమది గదా, యాప్‌ల పేరు రమది, ఫోటో రమది. నేను రాసిందంతా "రమ" అని పడ్డది. ఆ వారం రమకు డ్యూటీల ఆ యాప్ తెరిచే పురుసతే లేకుండె. తెరిచింది ఇంకొకరు.

ఆదివారం పది గంటలైతది. వాకిట్ల కూసొని చింతపండు గింజలు తీస్తున్న. ఆటో వచ్చి ఆగింది. చేతికర్ర పట్టుకొని ఒక పెద్దామె దిగింది. వెనుక తెల్లచొక్కా వేసుకొని, అరటిపండ్ల గెల భుజాన పెట్టుకొని ఒకాయన. రెండు అత్తాలు కాదు, గెల!

"బాగున్నవా వదినె?" అన్నది ఆమె.

వదినెనా! మంచం వాల్చేలోపలనే ఆమె మంచం మీద ఉన్నది. ఆయన గెల దించి నిలబడ్డడు. లచ్చమ్మ, రాజేందర్!

"రమ డ్యూటీల ఉన్నది" అన్న.

"ఒంటిగంటకు వస్తదంట గదా. కూసుంటం."

మంచినీళ్లు ఇచ్చిన. చాయ ఇచ్చిన. చల్ల ఇచ్చిన. "సారపాక దిక్కు పోయే బస్సు పన్నెండింటికి ఉన్నది, అది పోతే మళ్లా సాయంత్రమే" అని కూడ చెప్పిన.

"పోనియ్యి వదినె. నేను లెవ్వను. అవ్ అనేదాకా లెవ్వద్దని చెప్పిండ్రు" అన్నది లచ్చమ్మ. "లేద్దామన్నా నా మోకాళ్లు లెవ్వనియ్యవు, అది వేరే సంగతి."

"ఎవరు చెప్పిండ్రు?"

"మీ రమే!"

నాకు రమ మీద ఎంత కోపమొచ్చిందో! నన్ను కాదని, నాకు చెప్పకుండ, మనుషులను పిలుస్తదా? గోడ మీద సుగుణమ్మ తలకాయ లేచింది. "అక్కా, రెండు కరివేపాకు రెమ్మలుంటే…" కండ్లు మాత్రం గెల మీద ఉన్నయి. ఇచ్చి పంపిన. పది నిమిషాలకు మళ్లా తలకాయ. ఈసారి కొత్తిమీరట.

ఒంటిగంటకు రమ వచ్చింది. డ్రెస్ మీదనే ఉన్నది పాపం, చెప్పులు కూడ విడవలే, ఎదురు పోయి పట్టుకున్న. "నన్ను అడగకుండనే పిలుస్తవా?"

"నేనెక్కడ పిలిచిన?" అన్నది. రాజేందర్‌ను చూసి అట్లనే నిలబడ్డది. "మీరేంది, చెప్పకుండ వచ్చిండ్రు?"

ఆయన మొహం పాలిపోయింది. "నువ్వే రాసినవ్ గదా! మన ఇద్దరం చదివే కథ కింద. నాకు నేరుగా చెప్పడానికి సిగ్గుపడి అట్ల రాసినవనుకున్న."

"ఏం రాసిన? చదువుండ్రి."

ఫోను తీసి చదివిండు. "బాబూ, ఆ పిల్ల తల్లి మాట పట్టించుకోకు…" ఎవరో గాని మంచిగ రాసిండ్రు అనుకున్న! "బిడ్డ మొహం కంటే పక్కింటోళ్ల మొహమే…" ఈ మాట ఎక్కడ్నో విన్నట్టున్నదే అనుకున్న. అరటిపండ్ల కాడికి వచ్చేసరికి చెవులు కాలినయి. చింతపండు చాట ముందలేసుకొని తల వంచుకున్న.

"ఇది నేను రాయలే" అన్నది రమ. అని, నా దిక్కు తిరగలే. నేల దిక్కు చూసింది.

రాజేందర్ ఫోను జేబుల పెట్టుకున్నడు. "తప్పైంది. అమ్మా, లెవ్వు పోదాం. మనల్ని ఎవరూ పిలువలే" అన్నడు. లచ్చమ్మ కర్ర కోసం చెయ్యి చాపింది. వాళ్లు ఆ వాకిలి దాటితే మళ్లా రారు. రమ ఆపదు. ఐదేండ్ల కింద పంచాయితీల కూడ అది ఇట్లనే నేల దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"నేను రాసిన" అన్న. గొంతు నాది నాకే వినబడలే. మళ్లా అన్న. "నేనే రాసిన. కానీ అది మీకు కాదు వదినె, మేఘన వాళ్లకు!" చూసిండ్రా, కంగార్ల నేను కూడ వదినె అన్న.

లచ్చమ్మ కర్ర పక్కకు పెట్టింది. "మేఘన ఎవరు? ఏ ఊరు?"

"కథల పిల్లమ్మా."

"కథల పిల్ల తల్లిని గింతగనం తిట్టినవా? ఏం చేసిందామె?"

"బిడ్డకు పెండ్లి వద్దంటది."

"పిలగాడు మంచోడు కాదా?"

"మంచోడే."

"పిల్లకు ఇష్టం లేదా?"

"ఇష్టమే."

"మరెందుకు వద్దంటది?"

"వాడకట్టోళ్లు ఏమంటరో అని…"

అన్న. అని ఆగిన. లచ్చమ్మ, "అబ్బ, ఏం మనిషమ్మా ఆమె!" అన్నది. నిజంగ తెల్వక అన్నదో, తెలిసే అన్నదో ఇప్పటికీ నాకు అంతు చిక్కలే.

లేచి, ఆ గెల ఎత్తుకొని లోపలికి తీసుకపోయి దేవుని అర్ర ముందు పెట్టిన. అంత బరువుంటదనుకోలే. తిరిగి వచ్చేసరికి రమ మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదేమో అనుకున్న. ఫోన్ల నేను రాసింది చూసుకుంట నవ్వుతున్నది!

గోడ మీద తలకాయ మళ్లా లేచింది. ఈసారి ఆకూ లేదు, రెమ్మా లేదు. "రమా, ఎవరు బిడ్డా వాళ్లు?"

"నన్ను చేసుకునేటోళ్లు పిన్నీ."

"అయ్యో! మళ్లా పెండ్లా? నలుగురు ఏమంటరే! మరి మీ అమ్మ ఒప్పుకున్నదా?"

"ఒప్పుకునుడేంది పిన్నీ, ముందే రాసిచ్చింది" అన్నది రమ, ఫోను తీసి గోడ కాడికి పోయి చూపించింది. "దాని కింద 'సూపర్, ఆదివారమే పెట్టుకొండి' అని మీరు కూడా రాసిండ్రు. ఇగో మీ పేరు, మీ ఫోటో."

సుగుణమ్మ తలకాయ దిగింది. మళ్లా లెవ్వలే. ఎల్లుండి లగ్గం రాయించుకోవడానికి పోతున్నం. వేలిముద్ర వేసినన్నాళ్లు నేను ఏమన్నా, మర్నాడు కాదంటే అయిపోయేది. రాసుడు నేర్చుకున్నందుకు ఇప్పుడు అన్న మాట మీద నిలబడాల్సి వచ్చింది, అదీ ముసలితనంల!