బకెట్‌లో నీలి నీళ్లు

మాది హుజూరాబాద్ దగ్గరి పల్లె. పోయినేడు ఒక శనివారం మా అత్తమ్మ, నా బిడ్డ చర్చికి వేసుకునే తెల్ల గౌను ఉతికి, వాకిట్లో బకెట్‌లోని నీలి నీళ్లలో ముంచి ఆరేసింది.

మరునాడు ప్రార్థనలో బిడ్డ అలవాటుగా గౌను అంచు నములుతూ కూర్చుంది. కాసేపటికే నా ఒళ్లో నీలిపచ్చగా కక్కింది. మావారు గౌను పట్టి చూశారు.

"అవ్వా, గీ అంచుకు గింత నీలి ఎక్కడిది?"

"బకెట్ల నీలిమందు నీళ్లున్నయి గద కొడుకా, అండ్ల ముంచిన."

"అది నీలిమందు కాదే. బత్తాయి చెట్లకు కొట్టేటందుకు నేను నానవెట్టిన మైలుతుత్తం. విషమే అవ్వా."

బిడ్డ నోరు కడిగి, గౌను విప్పి సంచిలో వేసుకుని, బండి మీద ఆస్పత్రికి పోయాం. దారంతా దేవుని పేరు తప్ప నా నోట ఇంకో మాట రాలేదు.

"గౌను తెచ్చి మంచిపని చేసిన్రు. ఏం మింగిందో తెలిసింది," అంది డాక్టరమ్మ. సాయంత్రానికి బిడ్డ "అమ్మా, ఆకలైతుంది" అన్నప్పుడే నాకు ఊపిరి వచ్చింది.

మైలుతుత్తం ఇప్పుడు బావికాడి కొట్టంలో తాళం వేసి ఉంటుంది. బిడ్డను తిరిగి ఇచ్చిన దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. కానీ ఇప్పటికీ చర్చిలో బిడ్డ గౌను అంచు నోటికి తీసుకుంటే, నాకంటే ముందు అత్తమ్మ చెయ్యే అడ్డం వస్తుంది.