తల ఊపిన పాపానికి

ఒక మనిషి తాను ఇచ్చిన జవాబును వెనక్కి తీసుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? పుస్తకాలు చదువుతూనే ముసలివాణ్ణయ్యాను, ఏ పుస్తకంలోనూ దీనికి సమాధానం దొరకలేదు. నన్ను ఈ మాట అడిగినవాడు లింగమూర్తి. అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

లింగమూర్తిది సిరిసిల్ల పక్కన పల్లె. మీసాలు మొలవకముందే సూరత్ వచ్చి ఉధ్నాలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడ్డాడు. నవాగామ్‌లో నేనుండే గల్లీలోనే అతని కిరాయి గది. అతని పిల్లలు మున్సిపాలిటీ తెలుగు బడిలో నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. ఆ చనువుతో నన్ను "సారూ" అని పిలిచేవాడు, గల్లీ మొత్తానికీ వినిపించేట్టు. మెల్లగా మాట్లాడటం అతనికి చేతకాదు. తన గొంతు తనకు వినపడితే కదా తగ్గించుకోవడానికి!

సాంచెల చప్పుడు ఎరగనివాళ్ళకు దాన్ని చెప్పడం కష్టం. రేకుల కప్పు కింద మగ్గాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే, పక్కవాడు చెవిలో నోరుపెట్టి అరిచినా ఊపిరి తగులుతుంది తప్ప మాట తగలదు. అందుకని అక్కడ ఎవరూ చెవులను నమ్ముకోరు. పెదవులు చూసి వింటారు. పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా పెదవుల కదలిక చాలు. లింగమూర్తి గల్లీ ఆ చివర నిలబడి, ఈ చివర అరుగు మీద నేను గొణుక్కునేది చెప్పేసేవాడు. "సారూ, పేపరోన్ని గట్ల తిట్టకుండ్రి, పాపం!" అని నవ్వేవాడు.

వాళ్ళకు ఇంకో అలవాటు కూడా ఉంది. సేఠ్ నోట్లో మావా, అంటే పొగాకు కలిపిన వక్క, నములుతూ వస్తాడు, ఏదో అని మొహం తిప్పుకుని పోతాడు. అర్థం కాలేదంటే మగ్గం ఆపాలి. మగ్గం ఆగితే సేఠ్‌కు గిట్టదు. కాబట్టి ముందు తల ఊపేస్తారు, ఆయన వెళ్ళాక పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటారు. బతుకంతా అలా ఊపిన తల, ఇస్త్రీ చొక్కా ఎదురుగా నిలబడితే చాలు, దానంతటదే ఊగుతుంది.

కరోనా మొదటి ఏడు మగ్గాలు ఆగిపోయాయి. రైళ్ళు వేసినప్పుడు సగం గల్లీ ఊరి దారి పట్టింది. లింగమూర్తికి ఊళ్ళో నిలువ నీడ లేదు, ఇక్కడే ఉండిపోయాడు. ఒక దాతల ట్రస్టు మా గల్లీ మొగదల వంటశాల పెట్టింది. లింగమూర్తి భార్య బుచ్చవ్వ అందులో వంటకు కుదిరింది. ఇంటిల్లిపాదీ అక్కడే తినేవాళ్ళు. వాళ్ళే కాదు, ఒంటరిగా గదుల్లో ఉండే మగ్గం పనివాళ్ళందరికీ అదే ఆధారం. వానాకాలానికి మగ్గాలు మళ్ళీ మొదలైనా వారానికి మూడు పూటలే పని. వంటశాల ఉంది కాబట్టి గడిచింది.

అప్పుడే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన వాళ్ళు వచ్చారు. మగ్గం పనివాళ్ళ ఆరోగ్యం, కరోనాలో వాళ్ళ జీవనం, రెండూ కలిపి అధ్యయనమట. పరిశోధన అంటే నాకు చులకన లేదు. చాలా ఏళ్ళ కిందట ఇలాగే ఎవరో వచ్చి కార్ఖానాల్లో దారపు నూగు కొలిచి రాస్తేనే ఉధ్నాలో కొన్ని షెడ్లకు గాలి లాగే ఫ్యాన్లు వచ్చాయి. అందుకే ఈసారీ సంతోషించాను.

వచ్చిన కుర్రాడు ధీరజ్, హైదరాబాద్ నుంచి అక్కడికి చదువుకోవడానికి వచ్చినవాడు. ముక్కూ నోరూ కప్పుతూ మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. లింగమూర్తి గుమ్మానికి అల్లంత దూరంలో నిలబడ్డాడు. నా అరుగు మీద నుంచి అంతా కనిపిస్తూనే ఉంది.

"అంకుల్, పేరు రాసుకోం. ఊరికే కొన్ని ప్రశ్నలు, అంతే" అన్నాడు.

లింగమూర్తి తల ఊపాడు. కుర్రాడు అడుగుతూ పోయాడు, లింగమూర్తి ఊపుతూ పోయాడు. చేతిలో ఫోను మీద వేలితో నొక్కుకుంటూ కుర్రాడు పక్క గుమ్మానికి వెళ్ళాడు. అక్కడా అదే. పోనీలే, మర్యాదగా జవాబులిస్తున్నారు అనుకున్నాను.

మరుసటి ఏడాది మొదట్లో ఆ పరిశోధన అచ్చయింది. పత్రికలు రాశాయి, పెద్దల సభల్లో ఉదహరించారు. ఆ వెంటనే ట్రస్టువాళ్ళు వంటశాలకు తాళం వేశారు. "నవాగామ్‌లో ఇక అవసరం లేదని యూనివర్సిటీయే తేల్చింది కదా, అవసరం ఉన్న చోటికి మారుస్తున్నాం" అన్నారు. అంతలో రెండో అల వచ్చిపడింది. మగ్గాలు మళ్ళీ ఆగాయి. తాళం మాత్రం తియ్యలేదు.

నేను ధీరజ్‌కు ఫోను చేసి ఆ నివేదిక తెప్పించుకున్నాను. తాళం వేసిన గుమ్మం ముందు నలుగురూ కూర్చుని ఉండగా చదివి, తెలుగులో చెప్పాను. చెబుతుంటే నాకే ఒళ్ళు మండిపోయింది. యజమానులు ఆదుకున్నారట. వంటశాల లేకపోయినా గడిచిపోతుందట. మరొకటి కూడా ఉంది: మగ్గాల చప్పుడు వల్ల పనివాళ్ళ వినికిడికి చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదట! కరోనా వల్ల పరికరాలతో పరీక్షించడం కుదరక, "మీకు చెవులు బాగా వినిపిస్తాయా?" అని అడిగి రాసుకున్నారట.

నేను గట్టిగానే చదివాను. అయినా లింగమూర్తి నా పెదవులే చూస్తున్నాడు.

"ఎవడన్నడు సారూ గిట్ల?" అని అరిచాడు.

"ఎవరో ఎందుకంటరు? నువ్వే అన్నవు" అంది బుచ్చవ్వ. "ఆ ప్లాస్టిక్ మూతి పోరడు అచ్చిండు సూడు, ఆనికి గంగిరెద్దు లెక్క తలకాయ ఊపలేదా? నేను అప్పుడే అనుకున్న, ఈయన ఏం ఒప్పుకుంటుండో ఏందో అని."

"ఆని మూతి కనవడితె గద ఏమన్నడో తెలిసేది!"

"తెల్వకపోతె తెల్వదనాలె."

"నువ్వు జర ఊకో. గీడ ఎవడన్నడు తెల్వదని?" అని చుట్టూ చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. ఒకరూ ఇద్దరూ కాదు, గల్లీ మొత్తం ఊపింది.

అప్పుడే అడిగాడు నన్ను: "సారూ, నా జవాబు నేను ఆపస్ దీసుకోవాలంటె ఎవలకాడికి పోవాలె?"

ట్రస్టువాళ్ళను అడిగితే, పరిశోధన చేసినవాళ్ళు తప్పు జరిగిందని ఒక్క మాట చెబితే వంటశాల తెరుస్తామన్నారు. ఆ ఒక్క మాట కోసం, రెండో అల తగ్గుముఖం పట్టాక, లింగమూర్తీ నేనూ ఆ విశ్వవిద్యాలయానికి వెళ్ళడానికి ఉధ్నా స్టేషన్‌లో రైలెక్కాం. మగ్గం ముందు ఉండే మార్కండేయుడి పటానికి దణ్ణం పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

ఆ పరిశోధనకు పెద్ద ప్రొఫెసర్ ఊర్మిళగారు. కూర్చోమన్నారు, నీళ్ళిప్పించారు. మర్యాదలో లోటు లేదు. పక్కన ధీరజ్ ఉన్నాడు. గదిలో అందరికీ మాస్కులే. లింగమూర్తి గుమ్మం బయటే చెప్పులు విడిచి వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"మేడమ్, జర మాస్కు దియ్యుండ్రి. మీ మూతి సూడక నాకు సమజ్ గాదు" అన్నాడు.

నేను హిందీలో చెప్పాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, నిబంధనలు ఒప్పవన్నారు. సరే, నేనే నా మాస్కు దించి, ఆవిడ అన్నదల్లా తెలుగులో నా పెదవుల మీద అతనికి చూపిస్తూ వచ్చాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"చూడండి మాస్టర్‌జీ, పేర్లు లేని సమాచారం ఇది. ఈయన జవాబు ఏదో మాకే తెలియదు, వెనక్కి ఎలా ఇవ్వగలం?" అన్నారు.

"గల్లీ గల్లీ అంతా గట్లనే ఊపిందని చెప్పుండ్రి సారూ."

చెప్పాను. ఆవిడ అన్నారు: "ఇప్పుడు వీళ్ళకు వంటశాల కావాలి. కావాలనుకునేవాళ్ళు చెప్పే మాటను పరిశోధనలో జాగ్రత్తగా చూడాలి. అప్పుడు ఏ ఆశా లేకుండా చెప్పారు కాబట్టి దానికే విలువ ఎక్కువ."

నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. వినపడక ఊపిన తల శాస్త్రమట, కడుపు కాలి నోరు తెరిచి చెబుతున్నది మాత్రం అనుమానించాల్సిన మాటట! ఆకలి లేనివాడే ఆకలి గురించి నమ్మదగిన సాక్షి అయితే, ఇక నవాగామ్ దాకా రావడం దేనికి? ఇదే నేను గొంతు పెంచి అడిగాను. ఆవిడ నొచ్చుకున్నారు. అయినా సాయం చేద్దామనే ఉద్దేశంతోనే, "మళ్ళీ ఒక సర్వే ఉంది. ఈయనతోనే మొదలుపెడదాం" అని ధీరజ్ వైపు చూశారు.

ధీరజ్ ఫోను తీశాడు. వాడికి సిగ్గుగానే ఉంది, కళ్ళలో తెలుస్తోంది. అయినా మాస్కు మాత్రం తియ్యలేదు. లింగమూర్తి వైపు వంగి ఏదో అడిగాడు.

లింగమూర్తి తల కదిలింది. కిందికి ఒక్కసారి ఊగింది. రెండోసారి ఊగబోతుంటే, రెండు చేతులతో గడ్డం కింద గట్టిగా పట్టుకున్నాడు, తెగిన పోగును పట్టుకున్నట్టు. ధీరజ్ మళ్ళీ అడిగాడు. లింగమూర్తి గడ్డం వదలలేదు.

ఆ వంటశాల తాళం ఆ తర్వాత కూడా ఎవరూ తియ్యలేదు.

లింగమూర్తి లేచాడు. సాంచె ఎక్కే ముందూ దిగాకా, అది ఇనుమని తెలిసి కూడా, తాకి దణ్ణం పెట్టే మనిషి. ఆరోజు మేడమ్‌కు నమస్తే అనలేదు. ధీరజ్ వైపు చూడలేదు. పక్కనే ఉన్న నాతోనూ పోదాం అనలేదు. గుమ్మం బయట చెప్పుల్లో కాళ్ళు పెట్టి నడిచాడు. "లింగమూర్తీ!" అని కేకేశాను, ఆ వరండా అంతా మారుమోగేట్టు.

అతనికి నా పెదవులు కనిపించవు కదా. వెనక్కి తిరగలేదు.