ఒంటి చేత్తో తిప్పే ఇంజను స్టాండు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్న ఏడాదికి, మహబూబ్‌నగర్ నుంచి ఒక రిటైరైన లెక్చరర్ తన పాత కారును ట్రాలీ మీద ఎక్కించుకుని నల్గొండలోని మా షెడ్డుకు తెచ్చాడు. తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, సరిగ్గా గుర్తులేదు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎర్ర రంగు ఎండకు వెలిసి ఇటుక పొడిలా తేలింది. సారు వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్న విలాయతి స్పోర్ట్స్ కారు. ఏళ్ళ తరబడి కదలక ఇంజను పట్టేసింది.

మా ఆయన ట్రాక్టర్ మెకానిక్. ఒకప్పుడు సారు జీపును బాగు చేసింది ఆయనే. ఆ నమ్మకంతోనే సారు అంత దూరం వచ్చాడు. కానీ జబ్బు చేశాక ఆయన ఇంజను విప్పడం మానేశాడు. మాట వచ్చింది, నడక వచ్చింది, ఎడమ చేతికి మాత్రం పట్టు రాలేదు. గొంతుక్కూర్చోవడం అసలే కుదరదు. షెడ్డు ముందు గదిలో నేను స్పేర్ పార్టులు అమ్మేదాన్ని. ఆయన నా పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చిన బండి చప్పుడు విని రోగం చెప్పి, వేరే షెడ్డుకు పంపేవాడు.

సారు చెప్పిందంతా విని మా ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"నా ఎడమ చెయ్యి నా మాట ఇంటలేదు సార్. పట్నంల ఎవలకన్న చూపియ్యిండ్రి" అన్నాడు.

హైదరాబాదులో చూపించానని సారు అన్నాడు. వాళ్ళు ఇది తీసేసి వేరే ఇంజను పెడతామన్నారట. సారుకు అది ఇష్టం లేదు. ట్రాలీ వెనక్కి తిప్పమని చెప్పబోతుంటే నేను కౌంటర్ దాటి వచ్చి, బండి ఇక్కడే ఉంచమన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

సారు వెళ్ళిపోయాక కోపంగా అడిగాడు, రెండు చేతుల పని ఎట్లా ఒప్పుకున్నావని. ఇరవై ఏళ్ళుగా ఆయనకు స్పానర్లు అందించింది నేను. ఏ నట్టుకు ఏ నంబరో నాకు తెలుసు.

"నీదొకటి, నావి రెండు. మూడు చేతులున్నయి" అన్నాను.

 మర్నాడు పొద్దున ఆయన ఇంజను స్టాండు కావాలన్నాడు.

మా షెడ్డులో స్టాండు ఎప్పుడూ లేదు. ట్రాక్టర్ ఇంజను ఏదైనా నేల మీద పాత టైరు వేసి, దాని మీద పడుకోబెట్టి, పక్కన గొంతుక్కూర్చుని విప్పేవాడు. ఇప్పుడా కూర్చోవడం పోయింది. స్టాండంటే చక్రాల మీద నిలబడే ఇనుప చట్రం. దాని తలకు ఇంజను వెనక భాగాన్ని బోల్టులతో బిగిస్తే, ఇంజను గాల్లో నిలుస్తుంది. కావలసిన వైపుకు తిప్పుకోవచ్చు.

మిర్యాలగూడ రోడ్డులో తెలిసినవాళ్ళ కార్ల షెడ్డు నుంచి ఒకటి అడిగి తెచ్చాం. మూడు చక్రాలది. సారు ఇంజను పెట్టే ముందు మూలకు పడి ఉన్న జీపు ఇంజనుతో చూద్దామని మా ఆయనే అన్నాడు. అది మంచిదయింది. మా నేల షాబాదు బండలది. ముందు చక్రం బండల సందులో దిగి స్టాండు ఒరిగింది. నేను భుజం ఆనించి నిలబెట్టాను. అంతవరకు పరవాలేదు. తర్వాత ఆయన ఇంజను తిప్పబోయాడు. ఆ స్టాండుకు ఒక చేత్తో తల తిరగకుండా ఆపే పిన్ను లాగి, రెండో చేత్తో ఇంజను బరువు ఆపాలి. కుడి చేత్తో పిన్ను లాగాడు. ఎడమ చెయ్యి ఆపలేదు. బరువంతా ఒక్కసారి కిందికి తిరిగి, తిప్పే గొట్టం వచ్చి ఆయన ముంజేతికి తగిలింది.

ఎముక విరగలేదు. వాపు వచ్చింది. దవాఖానకు రానన్నాడు. సారుకు ఫోన్ చేసి బండి తీసుకుపొమ్మని చెప్పు అని, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నేను ఫోన్ చేయలేదు. తప్పు ఆయన చేతిది కాదు, ఆ స్టాండుదని నాకు అనిపించింది. ఒంటి చేత్తో తిరిగేది ఎక్కడో ఉండే ఉంటుంది.

రెండు రోజుల తర్వాత, స్టాండు కోసం మేము ముందే బరువులెత్తే చైన్ బ్లాకుతో సారు కారు నుంచి దించి, గేరుబాక్సు, ఫ్లైవీలు తీసి పెట్టిన ఇంజను వెనక ముఖం మీద ఒక దినపత్రిక కాగితం పరిచి, నూనె చేత్తో రుద్దాను. బోల్టు రంధ్రాలన్నీ కాగితం మీద నల్లగా పడ్డాయి. స్టూలు మీద కూర్చున్న ఆయన మోచెయ్యి నేలకు ఎంత ఎత్తులో ఉందో దారంతో కొలిచి ముడి వేశాను. ఎందుకని అడగలేదు, చెయ్యి మాత్రం కదలకుండా పెట్టాడు. ఆ రెండూ సంచిలో వేసుకుని పట్నం బస్సెక్కాను.

రాణిగంజ్‌లో మూడు దుకాణాలు తిరిగాను. రెండింట్లో మిస్త్రీని తోలుకొని రమ్మన్నారు. మూడో దుకాణంలో ఒక ముసలాయన కాగితం పరిచి చూశాడు. ఇది పాత విలాయతి ఇంజను, రంధ్రాలు దూరం దూరంగా ఉన్నాయి, బోల్టులు బిగించే చేతులు పొడుగ్గా సాగే స్టాండు తల కావాలన్నాడు. ఒక నాలుగు చక్రాల స్టాండు చూపించాడు. దానికి ఏదో గేరుబాక్సు తగిలించి ఉంది. నేను ఎడమ చెయ్యి కొంగులో దోపుకుని, కుడి చేత్తో పిన్ను లాగి తిప్పి చూశాను. జారిపోయింది.

"గట్లెందుకు తిప్పుతున్నవమ్మా?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన లోపలి నుంచి ఇంకొకటి తెప్పించాడు. దాని తలకు పళ్ళ చక్రం, పక్కన ఒక పిడి ఉన్నాయి. పిడి తిప్పితే బరువు మెల్లగా తిరుగుతుంది, వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. పిన్ను పని లేదు. చక్రాలు కూడా పెద్దవి, బండల సందులో దిగవు. ధర మొదటిదానికన్నా బాగా పిరం. దారం పెట్టి చూస్తే పిడి ముడికన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంది. స్టాండు కాళ్ళు కొయ్యొద్దు, ఊగుతుంది, స్టూలే ఎత్తు చేయించమన్నాడు. విడి భాగాలుగా కట్టించి బస్సు డిక్కీలో వేసుకుని తెచ్చాను.

ఇంజను బిగించింది నేనే. ఏ బోల్టు ముందో, ఏది తర్వాతో ఆయన చెప్పాడు. చైను వదులు చేశాక ఇద్దరం చక్రాల వైపు చూశాం. స్టాండు కదల్లేదు. ఆయన పిడి పట్టుకుని తిప్పాడు. ఇంజను పక్కకు ఒరిగింది, తలకిందులైంది, మళ్ళీ లేచింది. మధ్యలో ఒకచోట ఆపి చెయ్యి తీసేశాడు. అది అక్కడే నిలబడింది. పని ఏమీ లేకున్నా ఇంకో రెండుసార్లు తిప్పాడు. కాసేపు ముఖం అటు తిప్పుకుని తుడుచుకున్నాడు.

"నూనె చాంబర్ బోల్టులు ఇప్పు. ఒక దిక్కుకెళ్ళి కాదు, ఎదురెదురు" అన్నాడు తర్వాత.

విలాయత్ నుంచి బేరింగులు రావడానికే రెండు నెలలు పట్టింది. మొత్తం ఐదు నెలల పని. బోల్టులు అంగుళాల లెక్కవి కాబట్టి మా స్పానర్లు సగం పనికిరాలేదు. బరువు పనులు, రెండు చేతుల పనులు నావి. కొలతలు, బిగింపు ఆయనవి. వెనక భాగం స్టాండుకు బిగించి ఉండగా ఫ్లైవీలు చక్రం ఎక్కించడం కుదరదని చివర్లో తెలిసి, ఇంజనును చైనుకు వేలాడదీసి బిగించాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దంతా ఇద్దరం ఒకరినొకరం తిట్టుకున్నాం.

ఇంజను మొదటిసారి మోగినప్పుడు సారు వచ్చి ఉన్నాడు. మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేద్దామనుకున్నాడు. ఆ సీటు నేలకు ఆనినంత కిందికి ఉంటుంది, ఆయనకు దిగడం కుదరలేదు. బదులుగా సారు నన్ను కూర్చోమన్నాడు. గడియారం సెంటర్ దాకా పోయి తిరిగి వచ్చాం. ఆటోలవాళ్ళంతా ఆగి చూశారు. నాకు సిగ్గుగా, సంతోషంగా ఉండింది.

తిరిగి వచ్చేసరికి మా ఆయన రోడ్డు అంచున చెవి ఇటే పెట్టి నిలబడి ఉన్నాడు. ఎట్లా ఉందని సారు అడిగాడు.

"రెండో సిలిండర్ టాపెట్ జర మోగుతాంది సార్. వారం ఆగి తీస్కరాండ్రి, సూస్త" అన్నాడు.