ఓరిన్ బండికి ఇండికేటర్లు

మేవిస్ టకెట్ ఇక కార్ల వైర్ల పని ముట్టనని ఊళ్ళో అందరికీ చెప్పేసింది. చెప్పడమే కాదు, షెడ్డు తలుపు మీద ఏళ్ళ తరబడి వేలాడిన రేకు బోర్డు పీకి కోళ్ళ గూడు పైకప్పుకి పడ్డ కన్నానికి అడ్డం పెట్టింది. పొద్దున లేవగానే మణికట్లు పీకుతున్నాయి. కుడి భుజం జడ వేసుకోవడానికి కూడా ఎత్తనివ్వడం లేదని జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది. అయినా ఆగస్టులో, కాన్సస్ గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు ఊదుతున్న ఒక మధ్యాహ్నం, నాదీన్ ప్రూయిట్ దాల్చినచెక్క రోల్స్ పళ్ళెం పట్టుకుని వరండా మెట్లెక్కుతుంటే, మేవిస్‌కి ఆ పళ్ళెం చూడగానే సంగతి అర్థమైపోయింది.

"పళ్ళెంతో వచ్చావంటే పనుందన్నమాట."

"ముందు నన్ను కూర్చోనివ్వవే."

"కూర్చో. కానీ నేను చెయ్యను."

"ఏం చెయ్యాలో అడక్కుండానే?"

"నా దగ్గరికి జనం రెండింటికే వస్తారు. చర్చి విందుకి చిల్లీ కూర వండమని, లేకపోతే వైర్లు చూడమని. చిల్లీకైతే ఫోన్ చేసుండేదానివి."

నాదీన్ నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుర్చీలో కూలబడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంది.

"ఓరిన్ బండికి ఇండికేటర్లు పెట్టాలి," అంది.

ఆ మాట నాదీన్ నోట వినవలసి వస్తుందని మేవిస్ ఎన్నడూ అనుకోలేదు.

నాదీన్ భర్త ఓరిన్ ప్రూయిట్ బండి పందొమ్మిది వందల ముప్ఫై ఒకటి నాటి ఫోర్డు. కుర్రతనంలో ఒక గోధుమ రైతు పాకలో తుప్పుపట్టి పడున్న దాన్ని లాక్కొచ్చి, పైకప్పు కోసి కిందికి దించి, పెద్ద ఇంజను బిగించి, అతను స్వయంగా తయారుచేసుకున్న హాట్‌రాడ్ అది. నల్లటి నలుపు. నిలబెట్టి ఉన్నా పరిగెడుతున్నట్టే కనిపించేది. అంత చేసినవాడు దానికి ఇండికేటర్లు మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "కిటికీలోంచి చెయ్యి బయటపెట్టడం చేతకానివాడికి ఈ బండెందుకు?" అనేవాడు. ఎడమవైపున్న డ్రైవరు సీట్లోంచి, ఎడమకి తిరగాలంటే ఎడమ చెయ్యి బారుగా చాపేవాడు. కుడికైతే అదే చేతిని మోచేతి దగ్గర మడిచి పైకెత్తేవాడు. చొక్కా చేతులు మడిచిన ఆ చెయ్యి ఎండకి కమిలి, రెండో చేతికంటే నల్లగా ఉండేది. బండి దూరాన ఉండగానే ఆ చెయ్యి చూసి ఓరిన్ వస్తున్నాడని ఊరు ఊరంతా గుర్తుపట్టేది.

వసంతంలో పక్షవాతం వచ్చి ఆ చేతినే పట్టుకెళ్ళింది. కాలు కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు.

"ఆటోమేటిక్ గేరు కారైతే నడుపుకోవచ్చని డాక్టరు చెప్పాడు," అంది నాదీన్. "ఆ మాట వింటే ఓరిన్ ఎందుకవుతాడు! నేను కొట్టుకెళ్ళినప్పుడల్లా దాన్ని బయటికి తీస్తున్నాడు. మొన్న ధాన్యం గోదాముల రోడ్డు దగ్గర ఎడమకి తిప్పాడంట. వెనకాల గోధుమ లారీ. ఓరిన్ తిరుగుతున్నాడని లారీవాడికెలా తెలుస్తుంది? బ్రేకు తొక్కితే లారీ అడ్డంగా జారి గుంటలో పడింది. ఆ డ్రైవరు దిగొచ్చి ఏం తిట్టాడో ఓరిన్ చెప్పడు. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

"మరి ఇండికేటర్లకి ఒప్పుకున్నాడా?"

"వద్దనలేదు. మా ఇంట్లో అదే ఒప్పుకోవడం."

మేవిస్ ఒక రోల్ తీసుకుని సగం తిని సగం పళ్ళెంలో పెట్టేసింది. సరేనని నోటితో అనలేదు. రేపు పొద్దున్నే, ఎండెక్కకముందే వస్తానని మాత్రం అంది.

మేవిస్‌కి వైర్లు కోరి నేర్చుకున్న పనేమీ కాదు, దొరికిన పని. పందొమ్మిదేళ్ళకి విచిటాలోని విమానాల ఫ్యాక్టరీలో చేరింది. పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి, బల్లమీద కొట్టిన మేకుల మధ్య రంగురంగుల తీగలు పరిచి, జడలు అల్లినట్టు కట్టలు కట్టేవాళ్ళు. ఆ కట్టలు విమానాల గోడల వెనక్కి వెళ్ళిపోయేవి. తను కట్టిన కట్ట ఏ విమానంలో ఏ దేశం మీద ఎగురుతోందో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. జీతం వచ్చేది, నడుము పడిపోయేది. భర్త లీలండ్ గుండె ఆగి పోయిన ఏడాదే ఫ్యాక్టరీ సగంమందిని ఇంటికి పంపింది. అందులో మేవిస్ పేరూ ఉంది.

తరవాత ఊళ్ళో కార్ల పిచ్చివాళ్ళు ఆమెను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. మగవాళ్ళంతా ఇంజన్ల దగ్గర పులులు, రంగుల దగ్గర రాజులు. తీగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కడికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. బండి అంతా తయారయ్యాక, రేపో మాపో కార్ల ప్రదర్శన అనగా, "మేవిస్, దీపాలొక్కటే మిగిలాయి" అంటూ లాక్కొచ్చేవాళ్ళు. ఆ ఒక్కటీ వారాలు పట్టేది. శనివారం సాయంత్రాలు ఐస్‌క్రీమ్ దుకాణం ముందు బండ్లు వరసగా నిలబెడితే జనం రంగు మెచ్చుకునేవాళ్ళు, ఇంజను మూత ఎత్తి చూసేవాళ్ళు. డాష్‌బోర్డు కింద తల దూర్చి తీగలు చూసినవాడు ఒక్కడూ లేడు. దీపం వెలగనిరోజు మాత్రం అందరికీ మేవిస్ పేరు గుర్తొచ్చేది. దానికి ఆమె బాధపడలేదు. అలిసిపోయింది, అంతే.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఓరిన్ గరాజులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, ఎవరిదో వస్తువు కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళినట్టు.

"కేకు మీద కొవ్వొత్తులు గుచ్చడానికొచ్చావా?" అన్నాడు.

"నీకు కూడా గుడ్ మార్నింగ్."

"చిన్నవి పెట్టు. కనబడకూడదు."

"కనబడకపోతే ఇండికేటర్లెందుకు ఓరిన్?"

అతను ముఖం తిప్పుకున్నాడు. మేవిస్ టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరింది. చూసి కళ్ళు మూసుకుంది. ఎప్పుడో కుర్రతనంలో ఓరిన్ ఇంటి దీపాలకి వాడే తీగ లాగి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశాడు. ఆ టేపు ఇప్పుడు జిగురు కారుతోంది. ఎలుకలు కొంత కొరికాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో పెట్టిన దేవుడికే తెలియాలి.

"ఇదంతా పీకెయ్యాలి. హెడ్‌లైట్ల నుంచి వెనక దీపాల దాకా అంతా కొత్తది," అంది కిందనుంచే.

"నలభై ఏళ్ళు వెలిగాయి కదా!"

"తగలబడకుండా ఎలా వెలిగాయా అని నేనూ అదే చూస్తున్నా."

ఆ రోజునుంచి మేవిస్ రోజూ పొద్దున్నే వచ్చి, ఎండ గరాజు రేకుల్ని కాల్చే వేళకి వెళ్ళిపోయేది. వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తి పని. భుజం కాసేపు ఓర్చుకునేది, తరవాత మొండికేసేది. అప్పుడు చేతులు గుండెల మీద పెట్టుకుని అలాగే పడుకునేది. ఓరిన్ కుడిచేత్తో సీసాలోంచి చల్లటి టీ గ్లాసులో పోసి, ఆమె చేతికందేలా నేలమీద పెట్టేవాడు.

ఇండికేటర్ మీట ఎక్కడ పెట్టాలన్నది మొదటి తగువు. ఇక్కడి కార్లన్నిటికీ ఆ మీట స్టీరింగుకి ఎడమపక్కన ఉంటుంది. ఓరిన్‌కి ఆ పక్క చెయ్యే లేదు. చివరికి డాష్‌బోర్డు నడుమ, గేరు కర్రకి పైన, అటూ ఇటూ తోసే చిన్న స్విచ్చి బిగించింది. దానంతట అది ఆగదు, తిరిగాక మళ్ళీ మధ్యకి తొయ్యాలి.

రెండో తగువు పెద్దది. దీపాలన్నీ బిగించి స్విచ్చి ఎడమకి తోస్తే, వెనక ఎడమ దీపంతోపాటు కుడిదీ మసగ్గా వెలిగి ఆరుతూ కొట్టుకుంది. బ్రేకు తొక్కితే ముందు దీపాలు కూడా గుడ్డిగా మిణుకుమన్నాయి.

"ఎర్త్ అందట్లేదు, కరెంటు తిరిగి చట్రంలోకి పోయే దారి లేదు," అంది మేవిస్. "దీపం కూర్చున్నచోట రంగు దట్టంగా ఉంది. ఇనుము తగిలేదాకా గీకాలి."

ఓరిన్ స్టూలు మీంచి లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"నా రంగు మీద చెయ్యి వెయ్యకు."

"బిళ్ళంత మేర, ఓరిన్. దీపం కిందే, కనబడదు కూడా."

"నాకు తెలుస్తుంది. ఒక్కో పూత ఆరాక నీళ్ళతో రుద్ది రుద్ది వేశాను దాన్ని. ఇప్పుడు పెచ్చు లేస్తే మళ్ళీ ఎవడు వేస్తాడు? ఈ చెయ్యా?" కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి చూపించి వదిలేశాడు. అది తొడమీద పడి చప్పుడైంది.

మేవిస్ చేతిలో గరుకు కాగితం ఉంది. రుద్దితే క్షణంలో పని. కాసేపు దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. రంగు గీకకుండా ఒక్కో దీపానికీ విడిగా ఇంకో తీగ తగిలించి, బండి పొడవునా చాటుగా లాక్కొచ్చి చట్రానికి కలపడానికి మరో వారం పట్టింది. ఆ వారం రోజులూ ఆమె ఇంటికెళ్ళి వంట కూడా చేసుకోకుండా పడుకుంది. అందుకు ఓరిన్ థాంక్స్ చెప్పలేదు. ఒకరోజు మాత్రం, ఆమె తల కింద పెట్టుకోమని తన పాత కోటు మడిచి ఇచ్చాడు.

అన్ని దీపాలూ సరిగ్గా వెలిగిన రోజున నాదీన్ వెనక నిలబడి చూస్తూ, ఎడమ వెలిగితే ఎడమ అనీ కుడి వెలిగితే కుడి అనీ చిన్నపిల్లలా అరిచింది. ఓరిన్ చాలా రోజులకి గడ్డం గీసుకున్నాడు.

"రా మేవిస్, ఓ చుట్టు వేద్దాం," అన్నాడు.

ఊళ్ళో వీధులన్నీ ఖాళీగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. కానీ గేరు మార్చిన ప్రతిసారీ ఓరిన్ స్టీరింగు వదిలేసి మోకాలితో ఆపుతున్నాడు. మేవిస్ కాళ్ళు కింద బిగబట్టుకుని కూర్చుంది. గోదాముల రోడ్డు మలుపు వచ్చింది. స్విచ్చి తొయ్యాలి, గేరు దించాలి, స్టీరింగు చక్రం తిప్పాలి. చెయ్యి ఒక్కటే. అతను స్విచ్చి తోశాడు. దీపం టిక్కుటిక్కుమంటూ చక్కగా కొట్టుకుంది. గేరు కర్ర పట్టుకున్నాడు. చక్రం దగ్గరికి చెయ్యి వచ్చేలోపు బండి మలుపు దాటిపోయి, అవతలి దారిలోకి ఎక్కి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఎదురుగా వస్తున్న ట్రక్కు హారన్ మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. లేచిన దుమ్ము కిటికీలోంచి వచ్చి ఇద్దరి మీదా పడింది.

ఇండికేటర్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"దీపాలది తప్పు కాదు," అన్నాడు ఓరిన్.

"కాదు."

"నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది. వద్దని నీతో వాదించే ఓపిక లేకపోయింది. వైర్లు వెయ్యడమే తేలికనిపించింది."

అతను తల స్టీరింగుకి ఆనించాడు. ఏడుస్తున్నాడేమోనని మేవిస్ అటు చూడలేదు, గోదాము మీద వాలుతున్న పావురాల్ని చూసింది. తరవాత అతను తలెత్తి, "జరుగు," అన్నాడు.

"ఎటు?"

"ఇటు. నువ్వు నడుపు. మీ ఆయన లారీ నడిపినదానివి, ఇదో లెక్కా?"

ఓరిన్ పక్క సీట్లోకి జరుగుతుంటే మేవిస్ దిగి చుట్టూ తిరిగి వచ్చింది. క్లచ్చి బండరాయిలా ఉంది. మోకాలు కలుక్కుమంది. బండిని మెల్లగా తిప్పి ఊరివైపు పట్టించింది. ప్రూయిట్ వాళ్ళ వీధి మలుపు వచ్చేసరికి, ఆమె కళ్ళు రోడ్డుమీదే ఉండగా, పక్కనుంచి ఓరిన్ ఒళ్ళు వంచి కుడిచెయ్యి చాపి స్విచ్చి తోశాడు. తిరిగాక మళ్ళీ మధ్యకి తోశాడు.

ఆ తరవాత ఓరిన్ డ్రైవరు సీట్లో కూర్చోలేదు. బండి అమ్మేస్తాడని ఊళ్ళో అనుకున్నారు. అమ్మలేదు. చర్చి వెనక ఖాళీ స్థలంలో నాదీన్‌కి గేర్లు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ అరుపులు వీధి దాకా వినిపించేవి.

"క్లచ్చి తొక్కవే తల్లీ, తొక్కు!"

"తొక్కాను! నీ బండికే చెవుడు!"

అక్టోబరు నడిమికల్లా వాళ్ళు శనివారాలు ఐస్‌క్రీమ్ దుకాణం దాకా వెళ్ళి రాగలిగారు. నడపడం నాదీన్ పని, ఇండికేటర్లు ఓరిన్ పని. అతని పాత సావాసగాళ్ళు కొందరు, పెళ్ళాం పక్కన కూర్చుని ఊరేగుతున్నావా అని ఎగతాళి చేశారట. అతను వాళ్ళకి ఏం జవాబిచ్చాడో మేవిస్‌కి తెలియదు. ఆమె ఆ చలికాలం మరి ఏ బండి కిందా పడుకోలేదు. విచిటానుంచి ఒకతను తన బండి ఫోటోలు పట్టుకుని వస్తే, కాఫీ ఇచ్చి పంపేసింది.

ఒక సాయంత్రం ఆమె వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉండగా ఆ నల్ల బండి ఇంటిముందు నుంచి వెళ్ళింది. నాదీన్ చెయ్యి ఊపింది. ఓరిన్ ఏదో చెబుతూ నాదీన్ వైపు తిరిగి ఉన్నాడు. ఎప్పుడు వేసి మధ్యకి తొయ్యడం మరిచాడో గానీ ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది. తిరగడానికి ఆ దారిలో ఎడమవైపు వీధే లేదు, దున్నిన పొలాలు తప్ప. దాన్ని ఆపమని కేకెయ్యాలనుకుంది మేవిస్. లేచే ఓపిక లేక, ఆ చిన్న దీపం దూరమై కనబడకుండా పోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.