పైపు మూతి దగ్గర 212

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బందరులో శ్మశానం పక్క ఇంట్లో ఏడేళ్ళు అద్దెకున్నాం. గాలి బాగా వచ్చేది, అంతే. చదివింది తొమ్మిది వరకే గానీ కొలతలూ లెక్కలూ సొంతంగా నేర్చుకున్నాను. ఏ ఇంటికి ఎంత వైరు పట్టిందో, ఏ అంకె దగ్గర ఆగిందో నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. ఇదంతా ఆ బుక్కు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ఇళ్ళ మీదికి చిన్న డిష్‌లు కొత్తగా వస్తున్న రోజులు. నేనూ నాంచారయ్యా కలిసి బందరు నుంచి నాగాయలంక దాకా డిష్‌లు బిగించేవాళ్ళం. చుట్టరికం లేకపోయినా అతన్ని బావా అనేవాణ్ణి. అతని భార్య నాగమణి నన్ను అన్నయ్యా అనేది. నేను టేపు తీసినప్పుడల్లా బావ, "లెక్కల మాస్టారూ, ఒక అడుగు ఎక్కువైతే కొంప మునుగుతుందా?" అని నవ్వేవాడు.

గోడలో పైపు ద్వారా వైరు దింపాలంటే ఒకరు మేడ మీద, ఒకరు కింద గదిలో ఉండాలి. ఎంత అరిచినా వినబడదు. అందుకని వైరుతోనే చెప్పుకునేవాళ్ళం. పైనుంచి ఒకసారి గుంజితే 'లాగు' అని. రెండుసార్లు గుంజితే 'ఆపు' అని. ఈ పద్ధతి మా ఇద్దరికే తెలుసు.

దివిసీమలో ఒక రిటైరైన మాస్టారి ఇల్లు. రెండంతస్తుల డాబా. వాన నీళ్ళు దిగకుండా పైపు పై మూతిని పిట్టగోడ మీదుగా బయటికి వంచి పెట్టారు. బావ ఆ గోడెక్కి కూర్చుని, వైరు చేతికి ఒక చుట్టు చుట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతున్నాడు. నేను కింద హాల్లో లాగుతున్నాను. ఆ వైరు మీద మీటరుకొక అంకె అచ్చు వేసి ఉంటుంది. పెద్ద చుట్టలోంచి కోసిన ముక్క కాబట్టి మాకు 209తో మొదలైంది. హాల్లో పైపు మూతి దగ్గర 212 వచ్చేసరికి రెండు గుంజులు తగిలాయి.

ఆగాలి. కానీ ఇంకొక్క మీటరు వస్తే పని అయిపోతుంది. అవనిగడ్డలో ఇంకో ఇల్లు చూసుకోవాలి. గట్టిగా లాగాను. 213 కనబడింది. చేతిలో వైరు ఒక్కసారిగా వదులైపోయింది. బయట ఏదో పడిన చప్పుడు.

ఆసుపత్రికి చేరకముందే బావ పోయాడు.

"తాగి ఎక్కాడా?" అని అక్కడ ఎవరో అడిగారు. ముందురోజు రాత్రి ఒక పెళ్ళిలో కొంచెం తాగాడు. ఆ పొద్దున ఏమీ ముట్టలేదు, నాకు తెలుసు. అయినా "రాత్రి తాగాడండీ" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట చాలింది. తాగి పడ్డాడని అందరూ ఖాయం చేసుకున్నారు. రెండు గుంజుల సంగతి నేనెవరికీ చెప్పలేదు.

నాగమణి పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేసేది. సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు అందుకునేది. "తాగినవాణ్ణి మేడెక్కమని పంపించిన మహాతల్లి వచ్చింది!" ఒకటి రెండుసార్లు నా ముందే అంది. నేను తల దించుకుని, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

మూడేళ్ళకు ఆ మాస్టారే కబురు చేశారు. డిష్ కంపెనీ మారుతున్నారు, కొత్తది పెట్టాలి. నేను బయటి గోడ మీదుగా వేరే వైరు వేస్తానన్నాను.

"మొన్ననే రంగులేయించానయ్యా. గోడలో వైరు ఉండనే ఉందిగా, దానికేం రోగం?" అన్నారు.

కొన కోసి చూశాను. రాగి మెరుస్తూనే ఉంది. వైరుకు నిజంగా ఏ రోగమూ లేదు. కాకపోతే టీవీని పక్క గోడకు మార్చారు. ఇంకొక్క మీటరు కావాలి. మళ్ళీ ఒక్క మీటరే.

మేడెక్కి, పాత డిష్ నుంచి వైరు ఊడదీసి, అక్కడ చుట్టి ఉన్న మిగులు వైరు విప్పి గచ్చు మీద వదులుగా పరిచాను. వేలాడేది గానీ బిగిసి ఉన్నది గానీ ఏమీ లేదు. బావ పడినప్పటి నుంచి మాస్టారి భార్య మేడ తలుపు తెరిచి ఉంచనివ్వరు. దిగేటప్పుడు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. టైము పదకొండున్నర, మంచి ఎండ. హాల్లో మాస్టారు నా పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు.

పైపు మూతి దగ్గర 213. బుక్కులో రాసుకుని వైరు పట్టుకున్నాను.

రెండు గుంజులు.

లోపలెక్కడో పట్టేసిందనుకున్నాను. కాసేపాగి మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ రెండు. అదే జోరు, మధ్యలో అదే ఎడం.

ఈసారి చేతులు వదిలేశాను. నా కళ్ళముందే వైరు నెమ్మదిగా పైపులోకి వెనక్కి వెళ్ళింది. ఆగాక చూస్తే మూతి దగ్గర 212.

మాస్టారు పేపరు దించారు. "పైనెవరినన్నా పెట్టావా?"

"లేదండీ."

"మరి లాగేదెవరయ్యా?"

తాళం తీసి పైకెళ్ళాను. రాత్రి వానకు గచ్చు మీద పల్చగా మట్టి పేరుకుంది. దాని మీద నా చెప్పుల గుర్తులే, వచ్చినవీ వెళ్ళినవీ. వైరు నేను పరిచినట్టే ఉంది. పిట్టగోడ దగ్గర మాత్రం ఇందాక లేని ఒక మెలిక. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా మీటరు.

లాగిన వైరు కొంత వెనక్కి పోవడం నాకు తెలుసు. జానెడు పోతుంది, మహా అయితే రెండు జానలు. మీటరు పోవడం అంతకుముందు గానీ ఆ తరువాత గానీ చూడలేదు. ఎలుకలు రెండేసిసార్లు లెక్కపెట్టి గుంజవు.

వైరును 212 దగ్గరే వదిలేసి, కొనకు వేరే ముక్క అతికించి పని ముగించాను. అటునుంచి ఇంటికి వెళ్ళలేదు. నేరుగా పెడన బస్సెక్కాను.

నాగమణి అప్పుడే షెడ్డు నుంచి వచ్చింది. చేతులకు ఎర్రరంగు ఇంకా కడుక్కోలేదు. అత్తగారు అరుగు మీద ఉంది. ఇద్దరి ముందూ నిలబడి, మూడేళ్ళ కిందటిదీ ఆ రోజుదీ మొత్తం చెప్పాను.

నాగమణి, "ఆ రోజు రెండుసార్లూ సరిగ్గానే గుంజాడా?" అని అడిగింది.

"సరిగ్గానే గుంజాడమ్మా. నేనే ఆగలేదు."

ఆమె అత్తగారి వైపు తిరిగింది. "విన్నారా? తాగినోడికి లెక్కుంటుందా అత్తయ్యా?"

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంక వెళ్ళండి" అంది నాగమణి నాతో. అన్నయ్యా అనలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అనలేదు.

పని తెలిసిన వాళ్ళను చాలామందిని అడిగాను. ఎవరి సమాధానమూ కొలతకు సరిపోలేదు. బుక్కులో ఆ పేజీ అలాగే ఉంది. 213, దాని కింద 212, రెండూ నా చేతిరాతే. ఆ మీటరు లాగింది నేను. వెనక్కి తీసుకున్నదెవరో ఇప్పటికీ చెప్పలేను.